మైలవరం ఆవిడ లేచిందా?

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మైలవరంలో కంప్యూటర్ లేచింది. అప్పుడు నేను నూజివీడులో, మా వంటగదిలో, పాలగిన్నె ముందు నిలబడి ఉన్నాను. ఫోనులో ఆ కంప్యూటర్ పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగింది. చప్పుడేమీ లేదు. చుక్క వంక చూస్తుండగా పాలు పొంగాయి. స్టవ్ కట్టేసి గట్టు తుడుస్తుంటే గదిలోంచి నా భార్య అడిగింది.

"ఏమండీ, మైలవరం ఆవిడ లేచిందా?"

"లేచింది."

"ఎన్నిసార్లు పిలిచారేంటి?"

"ఒక్కసారే."

"అదృష్టవంతులు. పెళ్ళైన కొత్తలో నన్ను లేపడానికి మీ అమ్మగారు వీధంతా వినబడేలా పిలిచేవారు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో రోజూ ఆ ప్రశ్న వినబడేది. ఆ కంప్యూటర్‌కి మేము వేరే పేరు పెట్టలేదు. మైలవరం ఆవిడ, అంతే.

నేను డి.టి.పి. పని చేస్తాను. మైలవరంలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో చాలా ఏళ్ళుగా అదే పని. పెళ్ళి కార్డులు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు, మామిడిపళ్ళ అట్టపెట్టెల మీద అతికించే లేబుళ్ళు, పోయినవాళ్ళ ఫొటో కింద పడే నాలుగు వాక్యాలు, అన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. అన్నిటికీ చుట్టూ పూల బోర్డర్ ఉంటుంది. పెళ్ళి బోర్డర్లో ఎరుపు తీసి నలుపు పెడితే సంతాపం బోర్డర్ అవుతుంది. ఆ పని రోజూ చేసేవాడికి అలంకారాల మీద నమ్మకం ఉండదు. ఇంట్లో పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటిలో కూడా బోర్డర్ లాంటి వాక్యం కనబడితే దాటేసి చదువుతాను.

నా భార్యకి నరాల జబ్బు చేసింది. ముందు పాదాల్లో పట్టు పోయింది, తర్వాత మోకాళ్ళలో, తర్వాత నడుములో. డాక్టర్లు జబ్బు పేరు చెప్పారు, మందు లేదని కూడా చెప్పారు. చేతులు, మాట బాగానే ఉన్నాయి. నోరైతే ఇంతకుముందు కంటే బాగుందని మా ఎదురింటావిడ అనేది. కానీ గుక్కెడు మంచినీళ్ళు తాగినా ఒక్కోసారి పొలమారేది. అలా పొలమారినప్పుడు ఎవరో ఒకరు వెంటనే లేపి కూర్చోబెట్టి వీపు నిమరాలి. తనంతట తాను లేవలేదు. మాకు పిల్లలు లేరు, ఉన్నది ఇద్దరం. నేను మైలవరం వెళ్తే ఆమె దగ్గర మనిషి ఉండదు. వెళ్ళకపోతే నాకు పని ఉండదు.

ఇంట్లో లాప్‌టాప్ పెట్టుకుని చేసుకోవచ్చు కదా అని చాలామంది అన్నారు. కుదరదు. మా ప్రెస్సులో వాడే తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ పాతది. తాళంచెవి లాంటి చిన్న ముక్క ఒకటి కంప్యూటర్ వెనక గుచ్చి ఉంటేనే అది తెరుచుకుంటుంది. అలాంటి ముక్క ఒక్కటే ఉంది. పోతే ఇంకోటి ఇవ్వడానికి ఆ కంపెనీ ఇప్పుడు లేదు. అందుకని షావుకారు దాన్ని ప్రెస్సు గుమ్మం దాటనివ్వడు.

షావుకారు అంటే ప్రెస్సు యజమాని. నాకంటే చిన్నవాడు. నన్ను గురువుగారూ అంటాడు. మామిడి పూత మీదున్న రోజుల్లో తనే ఫోన్ చేశాడు.

"గురువుగారూ, మీరు రాకపోతే నాకు సీజనే లేదు. చాట్రాయి పార్టీ అప్పుడే లేబుళ్ళ మోడల్ అడుగుతున్నాడు. మీరు ఇంట్లోనే ఉండండి, మిషన్ని మీ దగ్గరికి తెప్పిద్దాం."

"ఆ ముక్క బయటికి ఇవ్వవుగా?"

"ముక్క ఇక్కడే ఉంటది. మిషనూ ఇక్కడే ఉంటది. మీరు అక్కడి నుంచి నడుపుతారు."

విజయవాడ నుంచి నెట్‌వర్క్ పని తెలిసిన ఒకాయన్ని పిలిపించి అన్నీ పెట్టించాడు. మా ఇంటి లాప్‌టాప్‌లో ప్రెస్సు కంప్యూటర్ తెర కనబడేలా చేశారు. నేను ఇక్కడ కొట్టిన అక్షరం అక్కడ పడుతుంది. ఒక్క చిక్కు మిగిలింది. కంప్యూటర్ని రాత్రంతా ఆన్‌లో ఉంచడానికి షావుకారు తల్లి ఒప్పుకోలేదు. ప్రెస్సు నిండా కాగితం, పైన రేకులు, వస్తున్నది ఎండాకాలం. అందుకని విజయవాడ ఆయన ఒక మధ్యే మార్గం చెప్పాడు. సాయంత్రం కంప్యూటర్ని నిద్రపుచ్చి, పొద్దున్న ఇంటి నుంచే లేపుకోమన్నాడు.

అతను చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. నిద్రపోతున్న కంప్యూటర్లో అన్నీ ఆగిపోతాయి. నెట్‌వర్క్ తీగ వచ్చి తగిలే చోట మాత్రం కొంచెం మెలకువ ఉంటుంది. ఆ చోటుకి ప్రపంచంలో ఇంకెక్కడా లేని నంబరు ఒకటి ఉంటుంది. ఆ నంబరుని వరసగా పదహారుసార్లు చేర్చి ఒకే కబురుగా పంపితే, అది తనకోసమేనని గుర్తుపట్టి మిషన్ని లేపుతుంది. కబురు అందిందని జవాబు మాత్రం రాదు. లేచిందో లేదో కాసేపాగి మనమే చూసుకోవాలి.

ఈ సంగతి నా భార్యకి చెప్పాను.

"పదహారుసార్లా? ఒక్కసారే పిలిచానన్నారు!"

"నొక్కింది ఒక్కసారే. పిలుపులు పదహారు."

"అయితే నాకంటే మొద్దే," అంది. ఆ రోజంతా హుషారుగా ఉంది.

ప్రెస్సు సాయంత్రం కట్టేసేది షావుకారు తల్లి. కొడుకు వసూళ్ళకి తిరుగుతుంటే గల్లా దగ్గర ఆవిడే కూర్చుంటుంది. మా వైపు లైటు, ఫ్యాను, కుళాయి, స్టవ్వు అన్నీ కట్టేస్తాం. గొడ్డునీ కట్టేస్తాం. రాత్రి కొట్టు కూడా కట్టేశామనే అంటారు. మూసేశామంటే వ్యాపారం ఎత్తేసినట్టని వ్యాపారస్తులు ఆ మాట అనరు. కాబట్టి ఆవిడకి ఫోన్లో నేను చెప్పవలసింది ఒక్కటే. అదే కష్టమైంది.

"మామ్మగారూ, ఇవాళ్టి నుంచి నా కంప్యూటర్ కట్టెయ్యొద్దండీ. పడుకోబెట్టాలి."

"పడుకోబెట్టడమేంటి నాయనా, జోల పాడాలా?"

"అది తనే పడుకుంటుందండీ. మీరు గోడ మీద మెయిన్ స్విచ్ కట్టెయ్యకుండా ఉంటే చాలు. మెయిన్ కట్టేస్తే నేను ఎంత పిలిచినా దానికి వినబడదు."

"అంటే పడుకుంటే లేపగలవు, కట్టేస్తే లేపలేవు."

"అంతేనండీ."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా, జోలపాట వెతుక్కుంటున్నాను."

కొన్నాళ్ళకి ఆవిడే ఫోన్ చేసి కోప్పడింది. పొద్దున్నే ప్రెస్సు తలుపు తీసేసరికి ఎవరూ లేని గదిలో తెర మీద బాణం దానంతటదే తిరుగుతోందట, అక్షరాలు పడుతున్నాయట. పడుతున్నది శ్రద్ధాంజలి కార్డు. "దెయ్యం తన కార్డు తనే కొట్టుకుంటుందనుకున్నాను," అంది. ఈ మాట చెబితే నా భార్య నవ్వబోయి పొలమారింది. లేపి కూర్చోబెట్టాను. దగ్గు తగ్గాక, "మైలవరంలో నన్ను తలుచుకుంటున్నారు," అంది.

అలా నేను ఇంట్లో ఉండిపోయాను. కంప్యూటర్ లేచిన ప్రతి ఉదయం నాకు పని ఉన్నట్టు, ఆమె దగ్గర మనిషి ఉన్నట్టు. మొదటి వారాల్లో అంతకంటే ఏమీ కోరలేదు.

తర్వాత ఇల్లు చిన్నదైపోయింది. ఆమెని కొద్ది గంటలకోసారి పక్కకి తిప్పాలి. మధ్యలో లేబుళ్ళు, మధ్యలో వంట. వీధి చివరి కొట్టు దాటి వెళ్ళేవాణ్ణి కాదు. స్నానానికి వెళ్తే తలుపు గడియ పెట్టేవాణ్ణి కాదు. చెంబు నీళ్ళు పోసుకుని ఆగి వినేవాణ్ణి, దగ్గు వినబడకపోతే ఇంకో చెంబు. పుస్తకం తెరిస్తే ఒకే పేజీ దగ్గర ఉండేవాణ్ణి. కిటికీలోంచి ఎదురిల్లూ, సందులోకి తిరిగే ఆటోలూ కనబడేవి. నా మాట తగ్గింది. తగ్గిందని నాకు తెలియలేదు. ఆమెకి తెలిసింది.

"ఇవాళ ఎవరితోనైనా మాట్లాడారా?"

"నీతో మాట్లాడుతున్నాగా."

"నన్ను లెక్కేసుకోకండి."

"పాలబ్బాయితో మాట్లాడాను."

"ఏమన్నారు?"

"రెండు ప్యాకెట్లు అన్నాను."

ఆమె కాసేపు పైకప్పు చూసి, "నేను మంచానికి కట్టేసిన గేదెని, బానే ఉంది. మిమ్మల్ని కూడా నా పక్క రాటకే కట్టేశారు," అంది. నేను నవ్వలేదు. ఒకసారి మైలవరం వెళ్ళి రండి, అందర్నీ చూసి రండి అనేది. ఎందుకు, కంప్యూటర్ లేస్తోందిగా అనేవాణ్ణి. అది నిజం కూడా. లేస్తున్నంత కాలం నేను ఆమెని వదిలి వెళ్ళడానికి కారణం లేదు.

కాయ పిందె మీదున్నప్పుడు ఒక శుక్రవారం కంప్యూటర్ లేవలేదు. మళ్ళీ మళ్ళీ నొక్కాను. చుక్క బూడిద రంగులోనే ఉంది. షావుకారుకి ఫోన్ చేశాను.

"అయ్యో గురువుగారూ, చెప్పడం మర్చిపోయాను. మా అమ్మ కొత్తగా పట్టింపు పెట్టుకుందండీ. గురువారం సాయంత్రం ప్రెస్సు కడిగించి మెయిన్ కట్టేస్తుంది. శుక్రవారం పూజ చేసుకున్నాకే మళ్ళీ వేస్తుంది."

"వేశాక ఎవరైనా కంప్యూటర్ బటన్ నొక్కండి. నేను ఇక్కణ్ణుంచి చేసుకుంటా."

"అదే చిక్కండీ. శుక్రవారం పనిముట్టుని పనివాడే ముందు ముట్టుకోవాలంట. నేను ముట్టుకోకూడదు, కుర్రాళ్ళు ముట్టుకోకూడదు. మీరే రావాలి."

"ప్రతి వారమా?"

"అమ్మ అలాగే అంటోంది. నాతో వాదించకండి గురువుగారూ, నేనూ వాదించి చూశాను."

వాదించలేదు. ఒకరి ఇంటి ఆచారం గురించి నేను మాట్లాడను. వ్యాపారస్తుల దగ్గర ఇంత కాలం పనిచేసినవాడికి ఇది వింతగా కూడా అనిపించలేదు. దీపం పెట్టే వేళ సూది అమ్మని కొట్లు చూశాను, మొదటి బేరం పోతే సాయంత్రం దాకా ముఖం మాడ్చుకునేవాళ్ళని చూశాను. వాటి పక్కన ఇదొకటి. లోపల మాత్రం మండిపోయింది. ఆచారం ఆవిడది, వదిలి వెళ్ళవలసింది నేను నా భార్యని.

ఎదురింటావిడని అడగడానికి వెళ్ళాను. ఆవిడ తోటల్లో కూలికి వెళ్తుంది. కాయకి మచ్చ పడకుండా చెట్టు మీదే కాగితం కవర్లు కడతారు, ఆ పని. అడిగీ అడగకముందే చెంగు దోపుకుని బయల్దేరింది.

"శుక్రవారాలు నాకు పని లేదండీ అన్నయ్యగారూ. వదినగారి దగ్గర నేనుంటాను. మీరు వెళ్ళిరండి."

కవర్లు కట్టే రోజుల్లో మేస్త్రీ వారానికోరోజు మానిపించడమేంటని నేను ఆలోచించలేదు.

ఆ మొదటి శుక్రవారం బస్సులో కూర్చున్నాను కానీ చెవులు ఇంట్లోనే ఉన్నాయి. ప్రెస్సులో మామ్మగారు కుంకుమ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. పలకరించకుండా వెళ్ళి బటన్ నొక్కాను. పని అయిన వెంటనే తిరుగు బస్సెక్కాను. గుమ్మంలోకి వస్తూనే నా భార్య ముఖం చూశాను. బానే ఉంది. ఎదురింటావిడా తనూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు.

"తోటలు ఎలా ఉన్నాయండీ?" అని అడిగింది.

చూడలేదన్నాను.

"బస్సులో అంత దూరం వెళ్ళి చూడలేదా? కళ్ళు మైలవరం ఆవిడకిచ్చేశారా?"

ఆమెది చాట్రాయి వైపు. పుట్టింటివాళ్ళు తోటలు గుత్తకి పట్టేవాళ్ళు. చెట్టుని చూసి కాపు చెప్పగలదు. ఆ తర్వాతి శుక్రవారం కిటికీ పక్కన కూర్చుని చూడక తప్పలేదు, వచ్చాక చెప్పాలి కాబట్టి. పిందె రాలిందా, ఏ తోటకి నీళ్ళు పెడుతున్నారు, రసాలు ముందు కోస్తున్నారా బంగినపల్లి ముందు కోస్తున్నారా, అన్నీ అడిగేది. సీజన్ అయ్యాక కాయ లేని చెట్ల గురించి కూడా అడిగేది. చలికాలం వచ్చి మళ్ళీ పూత పడితే, "ఆకు జిగటగా మెరుస్తోందా?" అంది. మెరుస్తోందన్నాను. "తేనెమంచు పట్టింది. మందు కొట్టకపోతే ఆ తోట పోతుంది," అంది. మరుసటి వారం ఆ తోట పక్క నుంచి వెళ్తూ తల బయటపెట్టి చూశాను. పూత నల్లబడి ఉంది. ఆ సంగతి ఆమెకి చెప్పాలని ఇంటికి వచ్చేదాకా ఆగలేకపోయాను. ఫోన్ చేశాను.

నెమ్మదిగా శుక్రవారాలు పొడుగయ్యాయి. ప్రెస్సు ఎదురుగా టీ కొట్లో కూర్చునేవాణ్ణి. మిషన్ దగ్గరి కుర్రాళ్ళు నా మీద జోకులు వేసేవారు, నేనూ వేసేవాణ్ణి. క్షవరం చేయించుకునేవాణ్ణి. ఒక్కోసారి ఒక బస్సు వదిలేసి తర్వాతి బస్సెక్కేవాణ్ణి. ఇదంతా నాకు బాగుందని ఇంట్లో తెలియనివ్వలేదు. మంచం మీద ఉన్న మనిషికి అది చెప్పడం బాగుండదనుకున్నాను. గురువారం రాత్రి అన్నం పెడుతూ రోజూ కంటే ఎక్కువ విసుక్కునేవాణ్ణి.

"ఆ ముసలావిడ పట్టింపు నా ప్రాణానికొచ్చింది. రేపు మళ్ళీ వెళ్ళాలి."

"పాపం," అనేది నా భార్య. "ఏం చేస్తాం చెప్పండి. ఆచారం."

ఒక శుక్రవారం, అలవాటుగా నొక్కి ఫోన్ చూస్తే చుక్క ఆకుపచ్చగా ఉంది. పిలిచిన మొదటిసారికే లేచింది. గబగబా గదిలోకి వెళ్ళాను.

"ఇవాళ లేచింది. వెళ్ళక్కర్లేదు."

ఆమె ముఖం ముడుచుకుంది. "అదేంటి?" అంది.

"ఏమో. మామ్మగారు మర్చిపోయినట్టున్నారు. మంచిదేగా."

"మంచిదే," అంది.

అప్పటికే ఎదురింటావిడ తన అన్నం డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నా భార్య ఆవిడ వంక చూసి, "ఇవాళ మీ అన్నయ్యగారు వెళ్ళట్లేదంట," అంది. ఆవిడ నా వంక చూసింది, ఆమె వంక చూసింది, డబ్బా చంకలో పెట్టుకుని అలాగే నిలబడింది. ఎందుకో ఇద్దరూ నామీద అలిగినట్టున్నారు. నొప్పిగా ఉందా అని అడిగితే నా భార్య లేదంది. తర్వాత ఫోన్ అడిగింది, ఎవరికి అంటే పుట్టింటికి అంది. నేను బట్టలు ఆరెయ్యడానికి దొడ్లోకి వెళ్ళాను. మామ్మగారు చింతలపూడి పెళ్ళికి వెళ్ళారని, కొడుకు మెయిన్ సంగతి మరిచిపోయాడని తర్వాత తెలిసింది. ఆ పై వారం మెయిన్ మామూలుగా కట్టేశారు.

రెండో సీజన్ అయిపోయి తోటలు ఖాళీ అయ్యాయి. ముసురు పట్టింది. జబ్బు చేతుల్లోకి, అక్కణ్ణుంచి గొంతులోకి వచ్చింది. ఫోన్ పట్టుకోలేకపోయేది, ఎదురింటావిడ చెవి దగ్గర పట్టుకునేది. మాట ముద్దగా వచ్చేది. నేను అర్థం చేసుకుని మళ్ళీ చెప్పేవాణ్ణి, అవునంటే కళ్ళు మూసేది. అప్పుడు ఒక శుక్రవారం కంప్యూటర్ లేచింది. మరుసటి శుక్రవారం కూడా లేచింది. మామ్మగారికి మా సంగతి తెలిసి ఆచారం సడలించిందనుకున్నాను. ఆవిడ మీద ఇన్నాళ్ళూ పెట్టుకున్న కోపం పోయింది. ఇక మైలవరం వెళ్ళలేదు.

అప్పుడు కూడా అడిగేది. మాటలు వచ్చేవి కావు. ఉదయం నేను ఫోన్ చూసి గదిలోకి వస్తే కనుబొమ్మలు ఎత్తేది. లేచింది అనేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం నేను చెంచాతో నీళ్ళు పడుతుండగా పోయింది. పొలమారలేదు. మింగకుండా ఆగిపోయింది. అంతకంటే రాయడానికి ఏమీ లేదు.

పెద్దకర్మకి కార్డు కావాలి. ఉదయం వంటగదిలో నిలబడి కంప్యూటర్ని లేపాను. చుక్క వచ్చింది. "లేచింది," అని పైకే అన్నాను, అలవాటు. బంధువులు హాల్లోంచి తొంగి చూశారు. కార్డులో ఆమె పేరు, తేదీ, చోటు, నా పేరు పెట్టాను. తనకి పూల బోర్డర్ వద్దని ఆమె చాలాకాలం కిందటే చెప్పింది. "చీమలు పడతాయి," అంది. కాసేపటికి షావుకారు ఫోన్ చేశాడు.

"గురువుగారూ, చుట్టూ ఖాళీగా వచ్చిందండీ. బోర్డర్ ఎగిరిపోయినట్టుంది."

"అంతే. అలాగే వెయ్యి."

పెద్దకర్మ అయ్యాక పనికి వెళ్ళాను. షావుకారు లేడు. మామ్మగారు గల్లా దగ్గర ఉంది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. ముందు ఆ మాట చెప్పేయాలని బస్సులోనే అనుకున్నాను. చెప్పాను.

"మామ్మగారూ, ఆఖరి రోజుల్లో మా కోసం మీ ఆచారం మానుకున్నారు. దానివల్ల నేను ఆమె దగ్గరే ఉండగలిగాను. నేను మిమ్మల్ని లోపల చాలా తిట్టుకున్నాను. ఏమనుకోకండి."

"ఏ ఆచారం నాయనా?"

"గురువారం మెయిన్ కట్టెయ్యడం."

ఆవిడ కళ్ళజోడు తీసి గల్లా మీద పెట్టింది.

"ఆవిడ నీకు చెప్పలేదా?"

"ఎవరు?"

"మీ ఆవిడే. చెప్పొద్దంది నాతో. పోయేముందు తనే చెప్పి ఉంటుందనుకున్నాను. ఇప్పుడు చెప్పొద్దనడానికి ఎవరున్నారులే. కూర్చో."

కూర్చున్నాను.

"మా ఇంట్లో అలాంటి ఆచారమేమీ లేదు నాయనా. మా అత్తగారు ఇచ్చినవే మోయలేక చస్తున్నాను, కొత్తవి ఎక్కడ పెట్టుకోను? మీ ఆవిడ ఫోన్ చేసింది. మామ్మగారూ, ఆయన నాలుగు గోడల మధ్య నాతో ఉండి ఉండి మాట మర్చిపోతున్నారండీ, వెళ్ళమంటే వెళ్ళరు, వారానికోసారి ఆ మిషన్ కట్టెయ్యండి అంది. నేనన్నాను, ఊరికే కట్టేస్తే మీ ఆయన మావాడి మీదికి రాడా అని. ఆచారమని చెప్పండి, ఆచారమంటే మా ఆయన నోరెత్తరు అంది. ఎదురింటామెతో అన్నీ మాట్లాడుకున్నానని కూడా చెప్పింది."

"పనివాడే ముట్టుకోవాలన్నది?"

"అది నాది," అంది. కొంచెం గర్వంగానే అంది. "బటన్ మేమే నొక్కేస్తే నువ్వు రావు కదా. అందుకని ఆ ముక్క నేను కలిపాను. మీ ఆవిడ చాలాసేపు నవ్వింది. భలే కలిపారు మామ్మగారూ అంది."

"మరి ఆఖర్న ఎందుకు మానేశారు?"

"తనే మళ్ళీ చేసింది. ఎవరో ఫోన్ పట్టుకున్నట్టున్నారు. మాట సరిగా తెలియలేదు. రెండుసార్లు చెప్పించుకున్నాను. ఇంక కట్టెయ్యొద్దు మామ్మగారూ, ఉండనివ్వండి అంది. అంతే. నేనేమీ అడగలేదు."

ఉండనివ్వండి అన్నది మెయిన్ గురించో నా గురించో మామ్మగారికి తెలియదు. లోపలికి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. చాలాసేపటికి ఒక కుర్రాడు టీ గ్లాసు పెట్టి వెళ్ళాడు. చాట్రాయి పార్టీ లేబుల్ ఫైలు తెరిచాను. ఆ రోజు పని ఏమీ కాలేదు.

సాయంత్రం ఇంటికి వస్తే ఎదురింటావిడ గుమ్మంలో బియ్యం ఏరుతోంది.

"శుక్రవారాలు నీకు పని లేదన్నావు," అన్నాను.

చేట వంకే చూస్తూ, "వదినగారు చెప్పొద్దన్నారండీ," అంది.

మామ్మగారికి ఫోన్ చేసినప్పుడు నా భార్యకి నా గురించి ఎంత తెలుసో నాకిప్పుడు తెలుసు. గురువారం రాత్రుల నా విసుగు ఆమె ఎలా విని ఉంటుందో కూడా తెలుసు. పాపం అన్నప్పుడు ఆమె ముఖం గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తాను. నేను అన్నం కలుపుతూ ఉండేవాణ్ణి, ముఖం చూసేవాణ్ణి కాదు.

షావుకారు చాలాసార్లు చెప్పాడు. "రోజూ బస్సులో ఎందుకండీ గురువుగారూ, కనెక్షన్ అలాగే ఉంది. ఇంట్లోంచే లేపుకోండి." ఇప్పుడు ఇంట్లో కూర్చోవడానికి నాకు కారణం లేదు. బస్సులో కిటికీ పక్కనే కూర్చుంటాను. తోటలు చూస్తాను. ఈసారి పూత ఆలస్యమైంది. చూసినది చెప్పవలసిన అవసరం లేకపోయినా ఇంటికి వచ్చేదాకా గుర్తుంటుంది. స్నానాల గది తలుపుకి ఇప్పటికీ గడియ పెట్టను. చెంబు నీళ్ళు పోసుకుని ఆగుతాను.

ప్రెస్సు కట్టేసే పని మామ్మగారు నాకు అప్పగించింది. సాయంత్రం కంప్యూటర్ కట్టేస్తాను, తర్వాత గోడ మీద మెయిన్ కట్టేస్తాను. పొద్దున్న వచ్చి నా చేత్తోనే వేస్తాను. నూజివీడు నుంచి దాన్ని ఇప్పుడు ఎవరూ లేపడం లేదు.